సత్యపీఠం ఎక్కేదెవరు?

మొన్న సాయంత్రం కరివేపాకు రెబ్బ కోసం వచ్చిన మా పక్కింటావిడ, గుమ్మంలోనే నిలబడి ముప్పావుగంట మాట్లాడి, వెళ్ళబోతూ ఓ మాటంది.

"దేవుడు కనబడి ఒక్కటంటే ఒక్క వరం ఇస్తానంటే ఏం అడుగుతానో తెలుసా వదినగారూ? మావాడు పుస్తకం ముందేసుక్కూర్చున్నప్పుడు వాడి బుర్రలో ఏం నడుస్తోందో నాకు కనబడాలి. అంతే. నగా వద్దు, నట్రా వద్దు!"

నవ్వేశాను. ఆవిడా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అలాంటి వరమే నాకు దొరికి ఏడాది దాటిందనీ, దాంతో ఏం చెయ్యాలో తెలీక సతమతమయిపోతున్నాననీ ఆవిడకి చెప్పలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కన్నవాళ్ళు కోరుకునే వరాలు పిల్లల వయసుని బట్టి మారుతూంటాయి. మా అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే, నిద్ర లేకపోయినా కళ్ళు మండకూడదు. అబ్బాయి కూడా పుట్టాక చేతులు చాల్లేదు. దసరా పందిట్లో అందరూ అమ్మవారికి దణ్ణం పెట్టుకుంటూంటే నేను మాత్రం ఆవిడ చేతులు లెక్కపెట్టుకునేదాన్ని. ఒక చేతికి పాలగ్లాసు, ఒక చేతికి దువ్వెన, ఒక చేతికి అట్లకాడ, ఒకటి వాడి చొక్కా పట్టుకోడానికి... అన్నీ పోను ఇంకా రెండు మిగిలేవి. వాటితో హాయిగా ఓ నవల రాసుకోవచ్చు కదా అనిపించేది.

వాళ్ళు బడికెళ్ళే రోజులొచ్చాక గిల్పం కావాలనిపించింది. 'మాయాబజార్' చూసిన వాళ్ళకి గిల్పం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పడుకున్నవాణ్ణి పడుకోనివ్వని మంచం! బస్సు వచ్చే వేళకి ముసుగులోంచి "ఐదు నిమిషాలమ్మా" అనే గొంతు రోజూ విన్న ఏ తల్లయినా అప్పుచేసి మరీ ఓ గిల్పం కొంటుంది.

అక్షయపాత్ర కూడా కోరుకున్నాను లెండి. కానీ ఆ కథ కాస్త జాగ్రత్తగా చూడండి. సూర్యుడు ధర్మరాజుకిచ్చిన ఆ పాత్రకి ఒక షరతుంది. ద్రౌపది తినేదాకా ఎంతమందికి వడ్డించినా తరగదు. ఆవిడ తినేసిందా, ఆ రోజుకి ఇక ఖాళీ. అంటే సాక్షాత్తూ దేవుడిచ్చిన గిన్నె ఇంట్లో ఉన్నా సరే, ఇల్లాలు ఆఖర్నే తినాలన్నమాట! ఆ వరాన్ని మనసులోనే వాపసు ఇచ్చేశాను.

ఇవన్నీ అలిసిపోయిన మనిషి కోరుకునే వరాలు. వీటిలో తప్పేమీ లేదు. పిల్లలు మన భుజం దాటి ఎదిగాక వచ్చే కోరికే వేరు. అప్పటికి చేతుల గోలా, నిద్ర గోలా తగ్గిపోతాయి. తెలుసుకోవాలి, అదొక్కటే యావ. ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఫోన్లో అంతసేపు ఎవరు, నేను గదిలోకి రాగానే మాట ఎందుకు ఆపేశారు, పరీక్ష నిజంగా బాగానే రాశారా. మా పక్కింటావిడ అడిగే వరం ఈ జాతిదే.

1957లో వచ్చిన ఆ 'మాయాబజార్'లోనే సత్యపీఠం కూడా ఉంది. దానిమీద కాలు పెట్టిన వాడెవడైనా సరే మనసులో ఉన్నది కక్కేయాల్సిందే. అంతటి శకునికే తప్పలేదు. ఆ సినిమాకి రంగులు వేసి 2010లో మళ్ళీ విడుదల చేసినప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్ళు. హాల్లో సగంసేపు నా ఒళ్ళో నిద్రపోయింది గానీ శకుని పీఠం ఎక్కిన ఘట్టం మాత్రం కళ్ళింతలు చేసుకుని చూసింది. మర్నాడు పొద్దున్నే పూజగదిలోంచి పీట ఈడ్చుకొచ్చి వంటింట్లో వేసి, "అమ్మా, దీనిమీద నించో" అంది.

ముచ్చటపడి నించున్నాను.

"బిస్కట్లు అయిపోయాయా?"

బిస్కట్ల పొట్లం పై అరలో, పప్పుడబ్బా వెనక ఉంది. ముందురోజు "అయిపోయాయమ్మా" అని చెప్పింది నేనే. నాలుగేళ్ళ పిల్ల నన్ను పీట ఎక్కించి, చేతులు కట్టుకుని నిలబడి జవాబు కోసం చూస్తోంది. ఏం చెయ్యను? "ఈ పీట పనిచెయ్యదే, సినిమాలోదే పనిచేస్తుంది" అని దిగిపోయాను. అంటే బిస్కట్ల అబద్ధం మీద ఇంకో అబద్ధం.

ఆ సంగతి చాలా ఏళ్ళు నవ్వుకోడానికి పనికొచ్చింది. ఇంటికెవరొచ్చినా చెప్పేదాన్ని. ఈమధ్య చెప్పడం మానేశాను.

అబద్ధాల విషయంలో మన పెంపకమే ఓ తమాషా. మా చిన్నప్పుడు "అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారు" అని బెదిరించేవారు. ఆ మాట ఎవరు పుట్టించారోగానీ వాళ్ళని సత్యపీఠం ఎక్కించి రెండు ప్రశ్నలు అడగాలని ఉంటుంది నాకు. మా అమ్మకి ముగ్గురం ఆడపిల్లలం. ఆవిడ జన్మలో ఆడిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా మమ్మల్ని మా నాన్న కోపం నుంచి కాయడానికి ఆడినవే.

మా అమ్మ సంగతి ఇంకొకటి చెప్పాలి. ఇంటర్ చదివే రోజుల్లో నేను ఎకనామిక్స్ నోట్సు వెనక పేజీల్లో కథలు రాసేదాన్ని. ఇంట్లో తెలిస్తే చదువు పాడైపోతోందని గోల చేస్తారని ఆ నోట్సు బియ్యండబ్బా వెనక దాచేదాన్ని. ఎవరికీ తెలీదనే అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత నా మొదటి నవల పుస్తకంగా వచ్చినప్పుడు అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆ బియ్యండబ్బా దగ్గర ఎలకలు తిరిగేవే. నువ్వు కాలేజీకెళ్ళగానే తీసి అటకమీద పెట్టి, నువ్వొచ్చే వేళకి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని" అంది.

రెండేళ్ళపాటు! ఏనాడూ అడగలేదు. చదివిందో లేదో కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆరోజుల్లో ఒక్కసారి "ఏం రాస్తున్నావే?" అని అడిగినా ఆ కాగితాలు పొయ్యిలో పడేసి ఉండేదాన్ని. బహుశా ఇవాళ మీరు ఈ పేజీ చదువుతూ ఉండేవారూ కాదు.

సరే, నాకు దొరికిన వరం సంగతి.

నిరుడు మా అమ్మాయి డిగ్రీకి హైదరాబాదు వెళ్ళింది. తార్నాక వైపు హాస్టలు. పంపేముందు మావారు దాని ఫోన్లో ఏదో నొక్కి, నా ఫోన్లో ఏదో నొక్కి, "ఇక అది ఎక్కడున్నా నీకు కనబడుతుంది" అన్నారు. పిల్ల కూడా సరేనంది. 2019 నవంబరులో శంషాబాదు దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఆడపిల్లని ఊరుకాని ఊరు పంపే ఏ ఇంట్లోనైనా ఇది వద్దనేవాళ్ళుంటారా? నేనూ వద్దనలేదు. మ్యాపు తెరిస్తే బొట్టుబిళ్ళంత గుండ్రంలో దాని ఫోటో. హాస్టలు మీద ఉంటే నిద్రపట్టేది. కాలేజీ మీద ఉంటే వంట సాగేది.

కురుక్షేత్రానికి ముందు వ్యాసుడు ధృతరాష్ట్రుడికి దివ్యదృష్టి ఇస్తానన్నాడు. ఆయన వద్దన్నాడు. తనవాళ్ళు చావడం చూడలేనన్నాడు. ఆ దృష్టి సంజయుడికి ఇప్పించుకుని, తాను విన్నాడు. చూడనన్నాడేగానీ తెలుసుకోవడం మాత్రం మానలేదు మహానుభావుడు! తండ్రులు చాలామంది ఇలాగే ఉంటారు. మా ఇంట్లో సంజయుడి ఉద్యోగం నాది. "ఎక్కడుంది?" అని పేపర్లోంచి తల ఎత్తకుండా ఆయన అడగడం, "హాస్టల్లోనే" అని నేను చెప్పడం.

మూడు నెలలయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం ఆ గుండ్రం మల్కాజ్‌గిరిలో ఉంది. ఎవరో స్నేహితురాలి ఇల్లయి ఉంటుందనుకున్నాను. మరుసటి శనివారం మళ్ళీ అక్కడే, అదే సందు, అదే చోటు, రెండుగంటలసేపు. మూడో శనివారం ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావమ్మా?"

"లైబ్రరీలో అమ్మా."

గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. నా ఫోన్లో మాత్రం అది మల్కాజ్‌గిరిలో ఉంది.

ఆ తర్వాత ఆరు శనివారాలు నేను అదే ప్రశ్న అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గేసేది ఇందుకే. జవాబు తెలిసి అడిగే ప్రశ్నని ప్రశ్న అనకూడదు. అది ఉచ్చు. మొదటి అబద్ధం దానిదే, కాదనను. మిగతా ఆరూ నేను పని గట్టుకుని దానిచేత ఆడించినవి. ఫోన్ పెట్టేశాక ప్రతిసారీ ఛాతీలో ఏదో మండేది. అయినా ఏదో గెలిచినట్టు కూడా ఉండేది. పిల్లల మనసు చదవగలిగే వరం కావాలనేవాళ్ళు ఈ గెలుపు సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

మావారికి చెప్పలేదు. "హాస్టల్లోనే" అనే చెప్పాను. చూశారా, సంజయుడు కూడా అబద్ధాలు మొదలుపెట్టాడు.

నా బుర్ర ఊరుకుంటుందా? నవలలు రాసే బుర్రాయె. ఎవడో కుర్రాడు. కాదు, పెళ్ళయినవాడు. కాదు, ఏదైనా జబ్బేమో, డాక్టరు దగ్గరికేమో, మాతో చెప్పడానికి భయపడుతోందేమో. ఈ ఇరవయ్యేళ్ళలో నేను నా కథానాయికలకి పెట్టిన కష్టాలన్నీ వరసగా మా అమ్మాయి మీదికొచ్చి పడ్డాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లల రహస్యాలు వాళ్ళవి, మనం తలుపు తట్టి ఆగాలి అని చెప్పడం తేలికే. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పేపరు తెరవాలంటే చేతులు వణుకుతాయి. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఎందరి ఇళ్ళలో దీపాలారిపోయాయో మనకి తెలుసు. పక్కగదిలో పిల్ల మనసులో ఏముందో ఆ ఒక్క రాత్రి తెలిసి ఉంటే అని కుమిలిపోయే తల్లి ముందు కూర్చుని నేనీ వ్యాసం చదివి వినిపించగలనా? లేను. ఆ తల్లికి ఆ వరం ఇచ్చి తీరాల్సిందే. మా అమ్మ బియ్యండబ్బా పద్ధతి అన్నిటికీ పనికిరాదు. అక్కడున్నది కథల నోట్సు కాబట్టి సరిపోయింది. విషం సీసా అయితే? ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు చూసీ ఊరుకోవాలో చెప్పే వరం మాత్రం ఏ పురాణంలోనూ ఎవరూ ఇచ్చినట్టు లేదు.

ఆ భయంతోనే నేను బయల్దేరాను. సాహిత్య సభ ఉందని మావారితో చెప్పాను. సభా లేదు, పాడూ లేదు. రాజమండ్రిలో రాత్రి బండెక్కి, సికింద్రాబాదులో దిగి, స్నేహితురాలింట్లో స్నానం చేసి, మధ్యాహ్నానికి మల్కాజ్‌గిరిలో ఆ సందు మొదట్లో మందుల షాపు ఎదురుగా చెట్టుకింద నిలబడ్డాను. ఫోను ఒక చేతిలో, గొడుగు ఒక చేతిలో. నా వయసేమిటి, నా చదువేమిటి, అక్కడ నేను నిలబడ్డ తీరేమిటి!

అరగంటయ్యాక ఒక అపార్ట్‌మెంటు గేటులోంచి మా అమ్మాయి బయటికొచ్చింది. దాని మోచెయ్యి పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ మా అత్తయ్యగారు.

ఇప్పుడు నేను పీట ఎక్కాలి.

నాలుగేళ్ళ క్రితం ఊళ్ళో ఇల్లు అమ్మినప్పుడు మావారికీ మా మరిదికీ మాటామాటా వచ్చింది. అత్తయ్యగారు చిన్నకొడుకు పక్షాన మాట్లాడారు. ఆవిడ ఆ మాట్లాడటంలో న్యాయం ఉందా లేదా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు, ఇక్కడ తేల్చబోవడం లేదు. ఆవిడ వాళ్ళతో హైదరాబాదు వెళ్ళిపోయారు. తర్వాత వాళ్ళు ఇల్లు మారారట. ఎక్కడికో మేం కనుక్కోలేదు. అయితే "ఇక ఆ మనుషుల పేరు ఈ ఇంట్లో ఎత్తడానికి వీల్లేదు" అన్నది మావారు కాదు, నేను. భోజనాల దగ్గర, పిల్లలిద్దరి ముందూ అన్నాను. ఆరోజు మా అమ్మాయి కంచంలో చెయ్యి కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. దానికి మాటలు నేర్పింది వాళ్ళ నాన్నమ్మే. నేను ఉద్యోగానికి వెళ్ళిన ఆరేళ్ళూ దానికి జడలేసింది ఆవిడే.

అంటే నిజం చెప్పే దారి మేమే మూసేసి, నిజం చెప్పలేదని నేను చెట్టుకింద కాపలా కాస్తున్నాను.

అత్తయ్యగారు చాలా చిక్కిపోయారు. షుగరు పదిహేనేళ్ళ నుంచీ ఉంది. మందుల షాపు దగ్గర ఆగి కొంగుముడి విప్పి డబ్బులు తీస్తూంటే ఇది వద్దంటోంది. ఆవిడ ఊరుకోవడం లేదు. ఇద్దరూ ఏదో అనుకుని నవ్వుకున్నారు. నేను గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దొంగతనం చేసింది అది, మొహం దాచుకున్నది నేను!

వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉండాల్సిందంటారా? అత్తయ్యగారి కాళ్ళమీద పడిపోవడం, పిల్ల ఏడవడం... నా నవలలో అయితే అలాగే రాసేదాన్ని. అక్కడ కాళ్ళు కదల్లేదు. వాళ్ళు సందు మలుపు తిరిగాక ఆటో ఎక్కి స్టేషనుకొచ్చేశాను.

భాగవతంలో మన్ను తిన్న కృష్ణుడి కథ చిన్నప్పటినుంచీ వింటున్నదే. మన్ను తిన్నావా అని తల్లి అడిగింది. తినలేదు, కావాలంటే నోరు చూడు అన్నాడు. నోట్లో లోకాలన్నీ కనిపించాయని అందరికీ గుర్తే. ఆ లోకాల మధ్యలో రేపల్లె కూడా ఉందనీ, అందులో యశోదకి తనుకూడా కనిపించిందనీ అంతగా గుర్తుండదు. పిల్లవాడి నోరు తెరిపించి చూస్తే అందులో తను! ఆవిడ భయపడిపోయింది. వెంటనే విష్ణుమాయ కమ్మి అంతా మరిచిపోయి పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ దర్శనం కన్నా ఆ మరుపే పెద్ద వరమేమో అని తిరుగు బండిలో రాత్రంతా అనుకున్నాను. నాకు మాత్రం ఏ మాయా కమ్మలేదు.

ఇంటికొచ్చాక మ్యాపు తీసేద్దామనుకుని తియ్యలేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు. శనివారం మధ్యాహ్నాలు చూడటం మాత్రం మానేశాను, అప్పుడప్పుడు తప్ప. "ఎక్కడున్నావు" అని అడగడం లేదు. "తిన్నావా" అంటున్నాను. ఇంక మావారికి చెప్పాలి. ఈ వ్యాసం ఆయన చదువుతారన్న బెంగ లేదు, నేను రాసినవి ఆయన చదివి చాలా ఏళ్ళయింది. నేనే నోరు విప్పి చెప్పాలి. ముందు నా మాట నేను వెనక్కి తీసుకోవాలి. రోజూ రాత్రి భోజనాల దగ్గర అనుకుంటాను, ఆయన పెరుగు కలుపుకునేసరికి రేపు చూద్దాంలే అనిపిస్తుంది.

పోయిన నెల దానికి సున్నుండలు పంపాను. రెండు డబ్బాలు. అందాయని ఫోన్ చేసి, "ఇన్నెందుకమ్మా? రెండో డబ్బా ఎవరికి?" అంది.

"ఎవరికైనా పెట్టవే. మెత్తగానే ఉన్నాయి, పళ్ళు లేనివాళ్ళయినా తినొచ్చు" అన్నాను.

అవతల చప్పుడు లేదు. ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఈసారి చేసేటప్పుడు ఒక డబ్బాలో బెల్లం బాగా తగ్గించమ్మా" అంది.